ఈకలు రాల్చే కాలంలో కోళ్లకు గుమ్మడికాయ: ఎంత పెట్టాలి, ఏం పెట్టకూడదు?

కేరీ_పెరడు (నార్త్ కరోలినా)

అందరికీ నమస్కారం. మా పెరట్లో ఆరు పెట్టలున్నాయి. రెండు రోడ్ ఐలాండ్ రెడ్, రెండు బార్డ్ రాక్, రెండు బఫ్ ఆర్పింగ్టన్. పోయినేడు వసంతంలో పిల్లలుగా తెచ్చాం, ఇప్పుడు ఏడాదిన్నర దాటాయి. అక్టోబరు మొదలైనప్పటి నుంచి గూట్లో రోజూ ఊడ్చి ఎత్తాల్సినన్ని ఈకలు. ఒక రెడ్ పెట్టకు మెడ పూర్తిగా బోసిపోయింది. గుడ్లు దాదాపు ఆగిపోయాయి.

గుమ్మడికాయలకు ముఖాలు చెక్కి లోపల కొవ్వొత్తి పెట్టే హాలోవీన్ పండగ అయిపోయింది కదా, మా వీధిలో వాళ్లంతా గుమ్మడికాయలు తెచ్చి మా గేటు దగ్గర పెట్టి వెళ్తున్నారు. కొన్ని మామూలు కాయలు, కొన్ని ముఖం చెక్కినవి, రెండు మూడు రంగు వేసినవి. కోళ్లకు మహా ఇష్టం. ఈ టైంలో గుమ్మడికాయ ఈకలకు మంచిదని, గింజలు తింటే కడుపులో పురుగులు పోతాయని ఇక్కడి వాళ్లు చెబుతున్నారు. నిజమేనా? రోజూ పెట్టొచ్చా? ఇంకేం పెడితే త్వరగా కోలుకుంటాయి?

డల్లాస్_తోట

పెట్టండి అక్కా, ఏం కాదు. మేం ఏటా పెడతాం. రెండు ముక్కలుగా కోసి గింజలతో సహా నేల మీద పెడితే సాయంత్రానికి తొక్క పల్చటి చిప్పలా మిగులుతుంది. ఒక రోజు రెట్ట నారింజ రంగులో వస్తుంది, కంగారుపడకండి.

కోళ్లడాక్టర్ (హనుమకొండ)

పశువైద్యంలో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు ఒక లెక్క చూడండి. గుడ్లు పెట్టే వయసు పెట్ట రోజుకు సుమారు 110 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది. 16 శాతం ప్రోటీన్ ఉన్న లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల దాణా) 120 గ్రాములు తింటే దానికి 19 గ్రాముల ప్రోటీన్ అందుతుంది. అందులో 40 గ్రాములు తగ్గించి ఆ చోట మొక్కజొన్న నూక పోశామనుకోండి, 16 గ్రాములకు పడిపోతుంది. గుమ్మడి గుజ్జు ఇంకా పల్చన. 100 గ్రాముల్లో 90 గ్రాములకు పైగా నీళ్లే, ప్రోటీన్ ఒక్క గ్రాము.

ఈకలో 85 శాతానికి పైగా ప్రోటీనే, అదీ కెరాటిన్. కెరాటిన్ తయారవ్వాలంటే గంధకం ఉండే అమైనో ఆమ్లాలు కావాలి, మెథియోనిన్, సిస్టిన్ లాంటివి. పాత ఈకలు రాల్చి ఒంటినిండా కొత్తవి వేసుకోవడమంటే కోడికి చాలా పెద్ద పని. అందుకే గుడ్డు పెట్టడం ఆపేసి ఉన్న ప్రోటీన్ అంతా ఈకలకు మళ్లిస్తుంది. సరిగ్గా ఆ సమయంలోనే మనం ముద్దుచేసి రుచిగా ఉండేవన్నీ కడుపునిండా పెడితే, దాణా తినాల్సిన చోట నీళ్లు, పిండిపదార్థం నిండుతాయి. కోడి సంతోషంగానే ఉంటుంది, ఈకలు మాత్రం ఆలస్యమవుతాయి.

కాబట్టి గుమ్మడికాయ చెడ్డదని కాదు. బీటా కెరోటిన్ ఉంది, దాన్నుంచి కోడి విటమిన్ ఎ తయారు చేసుకుంటుంది. పీచు ఉంది. గూట్లో విసుగెత్తి ఒకదాన్నొకటి పొడుచుకోకుండా కాలక్షేపం కూడా. కానీ ఈకలు మొలిపించేది గుమ్మడి గుజ్జు కాదు.

చేయాల్సిన మొదటి పని, 16 శాతం లేయర్ దాణా ఆపి 18 నుంచి 20 శాతం ప్రోటీన్ ఉన్న గ్రోయర్ దాణాకు (ఎదిగే కోళ్ల దాణా) గానీ, అన్ని వయసుల కోళ్లకూ అమ్మే దాణాకు గానీ మార్చండి. లేయర్ దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. గుడ్డు పెట్టని కోడికి అంత అవసరం లేదు. ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెట్టండి, గుడ్డు పెట్టే కోడి దానికి కావలసినంత అదే తింటుంది.

కేరీ_పెరడు

డాక్టర్ గారూ, చాలా థ్యాంక్స్. ఈ లెక్క ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మరి ఆరు కోళ్లకు గుమ్మడికాయ ఎంత?

కోళ్లడాక్టర్ (హనుమకొండ)

చిరుతిండి మొత్తం తిండిలో పదో వంతు దాటకూడదన్నది మామూలు నియమం. గుమ్మడికాయలో నీళ్లు ఎక్కువ కాబట్టి నీళ్లు తీసేసి లెక్కేద్దాం. అరకిలో గుజ్జులో పొడి పదార్థం 40 గ్రాముల చిల్లర. ఆరు కోళ్లు రోజుకు దగ్గర దగ్గర 700 గ్రాముల దాణా తింటాయి. అంటే కిలో బరువుండే చిన్న కాయలో సగం, రోజు విడిచి రోజు, ఆరింటికీ కలిపి పెడితే నిశ్చింత. ఆ రోజు వేరే చిరుతిండి వద్దు.

ఎప్పుడు పెడతారన్నది కూడా ముఖ్యం. పొద్దున్నే గూడు తెరవగానే గుమ్మడికాయ కనిపిస్తే దాణా వైపు చూడవు. మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు పెట్టండి. అప్పటికి దాణా తిని ఉంటాయి.

న్యూజెర్సీ_నాటుకోడి

చెక్కిన కాయల గురించి ఎవరూ చెప్పలేదు. దయచేసి అవి వేయకండి. లోపల కొవ్వొత్తి మైనం కారి ఉంటుంది. త్వరగా కుళ్లకుండా కొందరు బ్లీచ్ నీళ్లలో ముంచుతారు, కోసిన అంచులకు వాసెలిన్ రాస్తారు. బయట నాలుగు రోజులున్నాయంటే లోపలి గోడల మీద నల్లటి బూజు మొదలై ఉంటుంది. బూజు విషం కోళ్లకు చాలా ప్రమాదం. బూజు పట్టినంత మేర కోసేసి మిగతాది పెడదామనుకుంటారు కొందరు, మెత్తటి కాయలో బూజు కంటికి కనిపించినదానికంటే లోతుగా వెళ్తుంది. మొత్తం కంపోస్టులో వేసేయండి, అదీ కోళ్లు అందుకోలేని కంపోస్టులో. రంగు వేసినవి, మెరుపు పొడి చల్లినవి ఎలాగూ వద్దు.

ఇంకోటి, అలంకారానికి అమ్మే చిన్న చిన్న బుడిపెల కాయలు ఉంటాయే, అవీ వేయకండి. చాలావాటికి పైన వార్నిష్ పూస్తారు. పైగా చేదు జాతులు. గుమ్మడి కుటుంబంలో చేదుగా ఉన్న కాయ ఏదైనా మనిషికీ మంచిది కాదు, కోడికీ మంచిది కాదు. అనుమానం వస్తే చిన్న ముక్క నాలుకకు తాకించి చూడండి, చేదనిపిస్తే ఉమ్మేసి కాయ పారేయండి.

గోదావరిగట్టు

గింజలు తింటే పురుగులు పోతాయా అని అడిగారు కదా, డాక్టర్ గారు ఆ మాట ఎత్తలేదు. గుమ్మడి గింజలు పురుగుల మందే. మా అమ్మమ్మ గుమ్మడి గింజలు దంచి తవుడులో కలిపి కోళ్లకు పెట్టేది. మా ఇంటి కోళ్లు ఎప్పుడూ దిట్టంగా ఉండేవి. అమెరికా వాళ్లు ఇవాళ చెబుతున్నారు గానీ ఇది మనకు తెలిసిందే.

కోళ్లడాక్టర్ (హనుమకొండ)

గోదావరిగట్టు గారూ, మీ అమ్మమ్మగారు పెట్టింది మంచి తిండే, అందులో సందేహం లేదు. గుమ్మడి పప్పులో ప్రోటీన్ 30 శాతం దాకా ఉంటుంది, నూనె అంతకంటే ఎక్కువ. గుజ్జు కంటే గింజే ఈకలకు పనికొస్తుంది, దంచి పెట్టడం ఇంకా మంచిది. దాంతోనే కోళ్లు దిట్టంగా ఉండి ఉండొచ్చు.

గింజల్లో కుకుర్బిటిన్ అనే పదార్థం ఉంది. పురుగుల మీద దాని ప్రభావం గురించి పరిశోధనలు జరిగాయి, కొంత పనిచేస్తుందన్న సూచనలూ ఉన్నాయి. కానీ అవి ఎక్కువగా గింజల సారం తీసి నిర్దిష్టమైన మోతాదులో ఇచ్చినవి. కోడి గుమ్మడికాయ చిప్పలో నుంచి ఏరుకున్న పది గింజలతో ఏలికపాములు పోతాయని భరోసా ఇవ్వలేం. నేను భయపడేది ఎక్కడంటే, కోడి బరువు తగ్గుతూ తురాయి పాలిపోతున్నా 'గింజలు పెడుతున్నాం కదా' అని ఆగిపోయేవాళ్లను చాలామందిని చూశాను. అనుమానం ఉంటే రెట్ట పరీక్ష చేయించండి. చిన్న పరీక్ష, పెద్ద ఖర్చు కాదు. రెట్టలో పురుగుల గుడ్లు కనబడితేనే మందు.

మందు గురించి ఇంకో జాగ్రత్త. ఫెన్‌బెండజోల్ రకం మందులు కొత్త ఈకలు మొలిచే సమయంలో ఇస్తే కొన్ని పక్షుల్లో ఆ ఈకలు వంకరగా, బలహీనంగా రావచ్చు. పురుగులు తీవ్రంగా ఉంటే ఆగకూడదు, అంతగా లేకపోతే ఈకలు వచ్చాక ఇవ్వడం మేలు. అది మీ డాక్టరు చూసి చెప్పాలి.

గోదావరిగట్టు

సరే డాక్టర్ గారూ, రెట్ట పరీక్ష మాట ఒప్పుకుంటాను. గింజలు మాత్రం మానను.

కోళ్లడాక్టర్ (హనుమకొండ)

మానొద్దనే నేనూ అంటున్నాను.

కేరీ_పెరడు

ఒక టెన్షన్ మిగిలిపోయింది. మెడ బోసిపోయిన రెడ్ పెట్టను ఎత్తుకోబోతే గట్టిగా అరిచి పారిపోయింది. ఎప్పుడూ ఒళ్లో కూర్చునే కోడి అది. ఇది ఈకలు రాల్చడమేనా, పేలు ఏమైనా పట్టాయా?

డల్లాస్_తోట

దాన్ని ఎత్తకండి అక్కా, నొప్పి! దగ్గరగా చూడండి, మెడ మీద నీలం నలుపు కలిసిన చిన్న గొట్టాలు పొడుచుకొచ్చి ముళ్లపందిలా ఉంటుంది. ప్రతి గొట్టంలోనూ రక్తం ప్రవహిస్తుంటుంది. నొక్కితే బాధ, విరిగితే రక్తం కారుతుంది. రక్తం చూస్తే మిగతా కోళ్లు పొడుస్తాయి. కొన్ని రోజులకు ఆ గొట్టం చివర ఎండి తెల్లటి పొట్టుగా రాలిపోయి లోపలి నుంచి ఈక విచ్చుకుంటుంది. నీళ్ల గిన్నెలో, గూటి కర్ర కింద తెల్లటి పొట్టు కనిపిస్తే మంచి కబురే.

పేలు ఉన్నాయో లేదో చూడాలంటే రాత్రి గూట్లో నిద్రపోతున్నప్పుడు టార్చి పట్టుకుని వెళ్లండి. ఎత్తనక్కర్లేదు, తోక కింద మలద్వారం చుట్టూ ఈకలు విడదీసి చూస్తే చాలు. ఈక మొదట్లో తెల్లగా గడ్డకట్టిన గుడ్ల ముద్దలు అంటుకుని ఉన్నా, చర్మం మీద గోధుమరంగు పురుగులు పరుగెత్తినా పేలే. గూటి కర్ర అడుగు భాగం కూడా తుడిచి చూడండి, ఎర్రటి మైట్లు (నల్లుల్లాంటి చిన్న పురుగులు) పగలు అక్కడ దాక్కుంటాయి.

రాలే వరుసను బట్టి కూడా తెలుస్తుంది. మామూలుగా తల, మెడతో మొదలై వీపు, రొమ్ము, రెక్కలు, ఆఖరున తోక. మెడ ముందు పోయిందంటే వరుసగానే ఉంది. వీపు మాత్రమే బోసిగా ఉండి, పుంజు కూడా ఉంటే అది జతకట్టేటప్పుడు పుంజు చేసే పని.

కేరీ_పెరడు

నిన్న రాత్రి చూశాను. పేలు లేవు, తెల్లటి పొట్టు ఉంది. మనసు కుదుటపడింది.

నల్గొండ_పొలం

చదువుతుంటే నాకొక డౌటు. మా దగ్గర వనరాజ, గ్రామప్రియ కోళ్లు, కొన్ని అసీళ్లు ఉన్నాయి. ఇలా అన్నీ ఒకేసారి బోసిపోవడం మేం చూడం. ఒకటి రాలుస్తుంటే ఇంకోటి గుడ్డు పెడుతుంటుంది. ఎందుకని?

కోళ్లడాక్టర్ (హనుమకొండ)

పగటి వెలుగు వల్ల. పగలు తగ్గుతున్నదని కోడి శరీరం గుర్తించడమే ఈకలు రాల్చడానికి ముఖ్య కారణం. నార్త్ కరోలినాలో జూన్‌లో పగలు 14.5 గంటలు, డిసెంబరు నాటికి 10 గంటల లోపుకు వస్తుంది. మన హైదరాబాదులో 13 గంటల నుంచి 11 గంటలకే తగ్గుతుంది. అంత గట్టి సంకేతం కాదు కాబట్టి మన కోళ్లు వేరువేరు సమయాల్లో రాలుస్తాయి. పొదుగు నుంచి లేచాక, ఎండాకాలం వడదెబ్బ తగిలాక, దాణా నీళ్లు కరువయ్యాక కూడా రాలుస్తాయి. వనరాజ, గ్రామప్రియ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకాలు. అయినా ఉత్త నూకలు, తవుడు మీదే వదిలేస్తే ఈకలు రావడం ఆలస్యమే. నూకల్లో ప్రోటీన్ 8 శాతం చిల్లర మాత్రమే.

నల్గొండ_పొలం

అర్థమైంది సార్. మరి దసరాకు కొట్టిన గుమ్మడికాయలు? ఆయుధపూజ రోజు ఊళ్లో దుకాణాల ముందు, ట్రాక్టర్ల ముందు కుప్పలు పడి ఉంటాయి. మా పక్కింటాయన తెచ్చి కోళ్లకు వేస్తాడు.

న్యూజెర్సీ_నాటుకోడి

వద్దన్నా. కొట్టిన బూడిద గుమ్మడికాయలో కుంకుమ, పసుపు, సున్నం, పైన వెలిగించిన కర్పూరం, కొన్నిసార్లు లోపల చిల్లర నాణేలు కూడా ఉంటాయి. బజారు కుంకుమలో ఏ రంగు కలిపారో తెలియదు, కర్పూరం విషం. నాణెం మింగితే కందనకాయలో అరిగి లోహం ఒంట్లోకి వెళ్తుంది. దిష్టి తీసింది కోడికి పెట్టకూడదని పెద్దవాళ్లు అనేది కూడా అందుకేనేమో. పెట్టాలనుకుంటే తోటలోని తాజా కాయ పెట్టండి, బూడిద గుమ్మడి అయినా తీపి గుమ్మడి అయినా.

గోదావరిగట్టు

ఈ కాలం గురించే ఇంకో మాట. సీతాఫలాలు వస్తున్నాయి కదా, గింజలు పెరట్లో ఉమ్మేయకండి. గుజ్జుకు భయం లేదు. గింజ లోపలి పప్పు విషం, పేలు చంపడానికి నూరి తలకు రాసేవాళ్లు, కంట్లో పడితే కళ్లకే ముప్పు. కందనకాయ గట్టి గింజను కూడా నూరేస్తుంది.

బతుకమ్మ బంతిపూలు కూడా వేస్తారు కొందరు. సొన రంగెక్కడానికి బంతిలోని రంగు పదార్థమే దాణా కంపెనీలు వాడతాయి, నిజమే. కానీ మార్కెట్ పూల మీద పురుగుమందు కొట్టి ఉంటుంది. ఇంట్లో పూసినవైతే సరే. అయినా గుడ్డే పెట్టని కాలంలో సొన రంగెందుకు చెప్పండి!

ఫ్రిస్కో_పద్మ

మా ఇంట్లో మాంసం, చేప ముట్టం. గుడ్లు పిల్లల కోసం. ఇక్కడ అందరూ పిల్లి తిండి పెట్టండి, ఎండు పురుగులు పెట్టండి అంటారు. శాకాహారంతో ఈకలు రావా?

కోళ్లడాక్టర్ (హనుమకొండ)

వస్తాయమ్మా. దాణాలోనే సోయా ప్రోటీన్, మెథియోనిన్ కలిపి ఉంటాయి, 20 శాతం దాణా ఒక్కటే చాలు. అదనంగా పెట్టాలనుకుంటే నల్ల పొద్దుతిరుగుడు గింజలు, గుమ్మడి గింజలు కొద్దిగా. సోయా గింజలు పచ్చివి వేయకండి, ప్రోటీన్‌ను అరగనివ్వని పదార్థం పచ్చి సోయాలో ఉంటుంది, వేడి చేస్తే పోతుంది. ఎండు రాజ్మా లాంటి చిక్కుడు గింజలు ఉడకకుండా అసలే వద్దు, అది నిజంగా విషం.

మీరు పెట్టకపోయినా మీ కోళ్లు పెరట్లో పురుగుల్ని తింటూనే ఉంటాయి. వాటిని తిననివ్వండి.

గోదావరిగట్టు

పద్మ గారూ, తెలగపిండి దొరుకుతుందా అక్కడ? నువ్వుల నూనె తీశాక మిగిలే చెక్క. మునగాకుతో కూర వండుకుంటాం కదా, అదే. మా దగ్గర గానుగ నుంచి తెచ్చి కొంచెం కోళ్ల తవుడులో కలుపుతాం. ఈకలు నిగనిగలాడతాయి.

కోళ్లడాక్టర్ (హనుమకొండ)

ఇది చాలా మంచి సలహా. నూనెగింజల చెక్కల్లో మెథియోనిన్ బాగా ఉండేది నువ్వుల చెక్కలోనే. లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, దాన్ని సోయా పూరిస్తుంది. రెండూ కలిస్తే బాగుంటుంది. వేరుశనగ చెక్క మాత్రం బూజు వాసన వస్తే ముట్టుకోవద్దు. అఫ్లాటాక్సిన్ అనే ఆ బూజు విషం ముందు కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

మాంసాహారుల ఇళ్లలో ఎండు చేపలు పెట్టేవాళ్లు ఉప్పు వేయని చేప చూసుకోండి. ఉప్పు చేప కోళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది. పల్లెల్లో కుండలో పేడ, గడ్డి పెట్టి బోర్లించి చెదలు పట్టి కోడిపిల్లలకు వేస్తారు, అదీ మంచి ప్రోటీనే. అమెరికాలో అమ్మే ఎండు మీల్‌వార్మ్ పురుగుల్లో సుమారు సగం ప్రోటీనే. అయినా కోడికి ఒక చెంచా చాలు.

మెల్బోర్న్_వనజ

మాకు ఇప్పుడు ఎండాకాలం వస్తోంది, మా కోళ్లు మార్చి, ఏప్రిల్‌లో రాలుస్తాయి. గుమ్మడికాయలు మాకూ అప్పుడే చవక. ఈ థ్రెడ్ సేవ్ చేసుకున్నాను.

న్యూజెర్సీ_నాటుకోడి

నవంబరు కాబట్టి ఒకటి గట్టిగా చెప్పాలి. 2022 నుంచి అమెరికాలో బర్డ్ ఫ్లూ మళ్లీ మళ్లీ వస్తోంది, అడవి బాతులు, హంసబాతులు వలస వెళ్లేది ఇప్పుడే. బయట పడేసిన గుమ్మడికాయ కోళ్లనే కాదు, అడవి పక్షుల్నీ ఎలుకల్నీ పిలుస్తుంది. పైకప్పు, జాలీ ఉన్న చోట మాత్రమే పెట్టండి. చీకటి పడేలోగా మిగిలింది తీసేయండి. గూటికి వెళ్లేటప్పుడు వేరే చెప్పులు వాడండి. హఠాత్తుగా ఒకటి రెండు చనిపోతే చేత్తో ముట్టుకోకుండా రాష్ట్ర వ్యవసాయ శాఖకు ఫోన్ చేయండి.

కేరీ_పెరడు

అందరికీ చెప్పలేనంత థ్యాంక్స్. ఇవాళ చేసిన పనులు: దాణా 20 శాతానికి మార్చాను. ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెట్టాను. చెక్కినవి, రంగు వేసినవి కంపోస్టుకు పోయాయి. దెబ్బ తగలని కాయలు పది గ్యారేజీలో అట్టపెట్టెల మీద, ఒకదానికొకటి తగలకుండా పేర్చాను. ఎన్నాళ్లు నిలవుంటాయి? రెండో ప్రశ్న, గూట్లో లైటు పెడితే గుడ్లు మళ్లీ వస్తాయని మా పక్కింటావిడ అంటోంది.

డల్లాస్_తోట

తొడిమ ఊడకుండా, చర్మం గాయపడకుండా ఉంటే చల్లటి పొడి చోట రెండు మూడు నెలలు ఉంటాయి. గడ్డకట్టే చలి తగలకూడదు. వారానికోసారి అడుగు నొక్కి చూడండి, మెత్తబడినది ముందు వాడేయండి. కోసి ముక్కలు ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. గింజలు కడిగి నీడలో ఆరబెట్టండి, ఉప్పు వేయొద్దు. గింజలు, తొక్కలు తినే కోళ్లకు గ్రిట్ (తిండి నూరుకోవడానికి కోడి మింగే చిన్న రాళ్లు) తప్పనిసరి, మంచు పడితే నేల మీద రాళ్లు దొరకవు కదా.

కోళ్లడాక్టర్ (హనుమకొండ)

లైటు ఇప్పుడు వద్దు. రోజుకు 14 గంటలకు మించి వెలుగిస్తే కొన్ని కోళ్లు మళ్లీ గుడ్డుకు వస్తాయి నిజమే, కానీ సగం ఈకలతో ఉన్న కోడిని గుడ్డుకు తొందరపెడితే చలికి తట్టుకోలేదు. ఈక మార్పిడికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, కొన్నిటికి నాలుగు నెలలు. తోక ఈకలు పూర్తిగా వచ్చాక కావాలంటే తెల్లవారుజామున లైటు పెట్టండి. సాయంత్రం పెట్టి హఠాత్తుగా ఆర్పితే గూటి కర్ర ఎక్కక ముందే చీకట్లో చిక్కుకుంటాయి. ఏమీ చేయకపోయినా డిసెంబరు మూడో వారం దాటాక పగలు పెరుగుతుంది. సంక్రాంతి వెళ్లాక ఒక్కొక్కటిగా గుడ్లు మొదలుపెడతాయి. తురాయి మళ్లీ ఎర్రబడిందంటే అప్పుడు ఆల్చిప్పల గిన్నె నింపి, మెల్లగా లేయర్ దాణాకు మారండి.

కేరీ_పెరడు

అలాగే డాక్టర్ గారూ, లైటు కొనడం మానుకున్నాను. పక్కింటావిడకు కూడా ఈ విషయం చెబుతాను, ఆమె కోళ్లూ సగం బోసిగా ఉన్నాయి.